పీకేసిన ర్యాంపు

అయ్యా,

విషయం: అద్దె ఇంటి మెట్లపై అమర్చిన ర్యాంపును ఓనరు గారు పీకించివేయుట, తమ మునిసిపల్ ఇన్‌స్పెక్టరు గారు విచారించకుండానే విచారించినట్లు రాయుట గురించి.

కింది వాటాలో అద్దెకుంటూ, బట్టలు కుట్టుకుని బతికే నేను విన్నవించుకొనునది:

1. బస్సు ప్రమాదంలో నా కాళ్ళు రెండూ చచ్చుబడినవి. చక్రాల కుర్చీలో తిరుగుతాను. వాకిట్లో మెట్లున్నందున, ఓనరు గారు సరేనన్న తరువాతనే, వెల్డింగు పని చేసే మా తమ్ముడు ఇనుప ర్యాంపు అమర్చినాడు.

2. నేను లోపల జాకెట్టు కుట్టుకుంటుండగా ఓనరు గారు మనుషులను పెట్టి దానిని పీకించినారు. కారణమడగగా, "ఇల్లు ఆసుపత్రిలా కనిపిస్తోందమ్మా, పై వాటాకి ఎవరూ రావట్లేదు" అన్నారు. "మరి నేను బయటికెలా వెళ్ళాలండీ?" అంటే, "ఇంట్లో కూర్చుని చేసుకునే పనేగా నీది, బయటికెందుకు?" అన్నారు. అప్పుడు ఆయన ఒంటి మీదున్నది నేను కుట్టిన చొక్కాయేనని మనవి.

3. తమ కార్యాలయమునకు ఫిర్యాదు పంపగా, చాలా రోజులకు ఇన్‌స్పెక్టరు గారు వచ్చినారు. ఇదే ఆవరణలో ఉన్న ఓనరు గారింట్లో టీ తాగినారు. గేటు దగ్గర నిలబడి, "అద్దెకున్నదెవరమ్మా? బయటికొచ్చి సంతకం పెట్టు" అని కేకేసినారు. "రాలేకే కదండీ ఫిర్యాదు చేసింది! మీరే లోపలికి రండి" అని నేనూ కేకేసినాను. ఆయన వెళ్ళిపోయి, "పిలిచినను అద్దెదారు హాజరు కానందున ఫిర్యాదు మూసివేయడమైనది" అని రాసినారు. అయ్యా, ఇటువంటి తెలివి తమ శాఖవారికి పుట్టుకతో వచ్చునా, శిక్షణ ఇచ్చెదరా?

4. ఈ ఉదయం మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటే జారుతూ దిగినాను. మోచేతులు దోక్కుపోయినవి. పాక్కుంటూ వెళ్ళి గేటు దగ్గర ఓనరు గారి కారు ముందు నేల మీద కూర్చున్నాను. ఆయన హారను కొట్టి కొట్టి, "అడ్డం లే! నేను ఆఫీసుకి వెళ్ళొద్దా?" అన్నారు. "బయటికెందుకండీ?" అన్నాను.

5. ఆయన ఒక్క ఫోను చేయగానే తమ ఇన్‌స్పెక్టరు గారు ఊడిపడ్డారు. కారుకైతే తమ కార్యాలయం ఇంత దగ్గరని నాకు తెలియదు. "లే" అని అరిచినారు. "లేవకపోతే కేసు రాస్తా" అన్నారు. "రాయండి సార్. లేవలేదనే రాయండి. ఈసారైనా నిజం రాసినట్టవుతుంది" అన్నాను. ఆయన కలం తీయలేదు.

కావున ర్యాంపు తిరిగి పెట్టించవలెననియు, ఇకపై ఎవరూ దాని జోలికి రాకుండా ఉత్తర్వు ఇవ్వవలెననియు కోరుచున్నాను; తమరు కుర్చీలోంచి లేవగలవారే గనుక స్వయంగా వచ్చి చిత్తగించవలెను.

ఇట్లు,
గేటు దగ్గరే ఉన్న తమ విధేయురాలు

తా.క.: మా తమ్ముడు వచ్చి, "అక్కా, ఎత్తుకుని లోపలికి తీసుకెళ్తాను, పద" అంటున్నాడు. వద్దన్నాను. వానొచ్చేలా ఉంది. అయ్యా, నాకు తెలిసిన మర్యాద మాటలన్నీ పైన రాసేశాను. ఇక మిగిలినవి వేరే రకం. తొందరగా రండి.