గాలి చూసుకునే వేళ

బుధవారం, రాత్రి పదిన్నర

మంచమెక్కి గంటైంది, నిద్ర రావడం లేదు. లేచి రాస్తున్నాను.

సాయంత్రం వెంకన్న మావయ్య ఇంటికి వచ్చాడు. నాన్నతో కలిసి మంగినపూడిలో చేపల వేటకెళ్ళిన మనిషి. ఇప్పుడు వేట మానేసి, సముద్రం మీద గాలి ఎటుందో, అలలు ఎంత లేస్తాయో పడవల వాళ్ళ కోసం రోజూ ఒక వెబ్ పేజీలో పెడుతున్నాడు. ప్రకటనల మీదే ఆ పేజీ నడుస్తోంది. పది రోజులుగా అవి ఆగిపోయాయట.

"నువ్వు చేసేది యాడ్స్ కంపెనీలోనే కదమ్మాయ్. మా పేజీ చూసేది మనుషులు కాదంట, మిషన్లంట. మెయిల్ పెట్టారు. కాస్త కనుక్కోమ్మా" అన్నాడు.

"కనుక్కుంటాను మావయ్యా" అన్నాను.

కనుక్కోవడానికి ఏముంది? ఆ రూల్ రాసింది నేనే. ఒకే చోట నుంచి, ఒకే నిమిషంలో, బోలెడు ఫోన్లలో ఒకే పేజీ తెరుచుకుంటే అది మనుషులు కాదు, మిషన్లు చేసే దొంగ ట్రాఫిక్ అని పోయిన నెల డాక్యుమెంట్‌లో పెట్టాను. మీటింగ్‌లో మెచ్చుకున్నారు కూడా.

పడవలన్నీ ఒకేసారి కదులుతాయని, కదిలే ముందు అందరూ ఒకేసారి గాలి చూసుకుంటారని నాకు తెలియదా? నాన్న కూడా తెల్లవారుజామున నాలుగింటికే లేచి, గుమ్మంలో నిలబడి గాలి చూసుకుని వెళ్ళేవాడు. షీట్‌లో అంకెలు చూస్తున్నప్పుడు అది ఒక్కసారీ గుర్తు రాలేదు.

రేపు మేనేజర్‌కి చెప్పాలి. మా వాళ్ళ కోసం రూల్ మార్చమంటున్నానని అనుకుంటారేమో... మావయ్యకైతే ఏమని చెప్పాలో అసలు తోచడం లేదు. ఆయన తెచ్చిన పండుగప్ప చేపతో అమ్మ పెట్టిన పులుసు కంచంలోనే వదిలేశాను. "ఒంట్లో బాగాలేదా?" అంది అమ్మ.

నాలుగింటికి పడవల వాళ్ళంతా మళ్ళీ గాలి చూసుకుంటారు. వాళ్ళు మనుషులు కారని నా రూల్ మళ్ళీ రాసుకుంటుంది.