తూర్పు గోడకు ముఖం పెట్టిన యంత్రం

సత్యనారాయణపేట,
బళ్ళారి.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు ఎస్తేరు ప్రేమతో రాస్తున్నది. దేవుడు నన్ను చల్లగానే చూస్తున్నాడు, చూడనిది ఈ ఊరి ఎండ ఒక్కటే. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్నమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నూనె రాస్తున్నారా, లేక రాశామని చెబుతున్నారా?

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అడుగుతావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. "ఈస్టర్‌కల్లా ఉద్యోగం ఖాయం కాకపోతే బాపట్ల వచ్చెయ్, మామయ్య జిరాక్స్ కొట్లో కూర్చోవచ్చు" అని మొదలుపెడితే ఆపవు. ఇంజనీరింగ్ చదివింది ఆధార్ కార్డులకు లామినేషన్ చెయ్యడానికి కాదమ్మా. కాబట్టి ఇక్కడేం జరిగిందో మొత్తం విను, మధ్యలో అడ్డు రాకుండా.

తిండి సంగతి ముందు చెబుతాను, లేకపోతే నీకు నిద్ర పట్టదు. పొద్దున లేస్తే ఉగ్గాని, దానికి తోడు మిరపకాయ బజ్జీ. మన ఊళ్ళో వినాయక చవితి పందిట్లో పంచే మరమరాల్ని వీళ్ళు తడిపి తాలింపు పెట్టి టిఫిన్ అంటారు. అయినా తింటున్నాను, బాగానే తింటున్నాను. మా ఇంటి ఓనరు రూతమ్మగారు రిటైరైన నర్సు, ఆదివారం చర్చికి తనతోనే తీసుకెళ్తారు. మంచి మనిషే. కానీ నేను రాగానే మంచం చుట్టూ ఒకసారి తిరిగి, "ఉత్తరానికి తల పెట్టుకోవద్దమ్మా, ఈడ ఎవురూ పెట్టుకోరు" అని తానే మంచం లాగేశారు. ఆ రోజే అర్థం కావాల్సింది నాకు, ఈ ఊళ్ళో దిక్కులదే రాజ్యమని.

ఇక ఉద్యోగం. మా యజమాని ఓబుళేశప్పగారికి సిరిగేరి వైపు రైసు మిల్లులున్నాయి. రైతులు తెచ్చిన వడ్లు బెల్టు మీద పోతుంటే కెమెరాలు ఫోటోలు తీస్తాయి. ఆ ఫోటోలు బళ్ళారి ఆఫీసులోని సర్వరుకు వస్తాయి, అది గింజను చూసి మొదటి రకమో రెండో రకమో చెబుతుంది, రైతుకు రేటు దాన్ని బట్టే. ఆ చూసే పని చేసేది గ్రాఫిక్స్ కార్డు. దాన్ని ఎంచడానికే నన్ను తెచ్చారు. నా ఉద్యోగం ఖాయం కావడం దాని మీదే ఆధారపడి ఉంది.

నేను ఎంచింది నెట్‌వర్కు కూడా లోపలే ఉన్న కార్డు. మామూలుగా అయితే ఫోటో ఒక కార్డులో దిగి, ప్రాసెసర్ దగ్గర పడిగాపులు కాసి, తర్వాత గ్రాఫిక్స్ కార్డుకు చేరాలి. ఇందులో దిగేదీ చూసేదీ ఒకచోటే. ఇంత చిన్న విషయం చెప్పడానికి నాకో పూటంతా పట్టింది. యజమాని అల్లుడు కిరణ్ అడ్డుపడ్డాడు. అతనికి కావలసింది ఆటలాడుకునే పిల్లలు కొనే కార్డు, రంగు రంగుల లైట్లు వెలిగేది. "బెంగళూరులో అందురూ ఇదే వాడ్తాండారు మామా" అన్నాడు. బెంగళూరులో అందరూ ట్రాఫిక్‌లో కూడా నిలబడతారు, మనమూ వెళ్ళి నిలబడదామా?

ఓబుళేశప్పగారు మాత్రం కార్డును చూడకుండా కొననన్నారు. వడ్ల వ్యాపారి కదా, ఏదైనా అరచేతిలోకి రావాలి. అమ్మే కంపెనీవాళ్ళు పట్టుకొస్తే చేత్తో బరువు చూసి, అటూ ఇటూ తిప్పి, "ఏందమ్మా ఇది, ఫ్యాను యాడుండాది? ఫ్యాను లేకుండా బళ్ళారిలో మనిషే బతకడు" అన్నారు. దీనికి సొంత ఫ్యాను ఉండదు, సర్వరు ముందువైపు ఫ్యాన్లు గాలి పీల్చి దీని మీదుగా వెనక్కు తోస్తాయి అని చెప్పాను.

"నెట్టూ దీంట్లోనే, లెక్కా దీంట్లోనే. మా మిల్లులో మూట మోసేటోడు వేరే, తూకం వేసేటోడు వేరే ఉండారు కదమ్మా?"

"ఆ మూట ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారేటప్పుడే కదా సార్ ఆలస్యం" అన్నాను.

అల్లుడు మళ్ళీ ఏదో అనబోతే ఆయన, "సుమ్నే ఉండప్పా నువ్వు" అని నోరు మూయించారు. అమ్మా, ఆ ఒక్క మాటకు నేను వారం రోజులు సంతోషంగా ఉన్నాను.

కార్డు కొన్నాకే అసలు ఘనకార్యం. సర్వరు బిగించే రోజు నేను సిరిగేరి మిల్లులో కెమెరాలు పెట్టిస్తున్నాను. ఇక్కడ సిద్ధాంతిగారొచ్చి యంత్రం తూర్పు ముఖంగా ఉండాలన్నారట. వీళ్ళు భక్తి ఎక్కువై దాని ముఖాన్ని తూర్పు గోడకు చెయ్యి కూడా దూరనంత దగ్గరగా పెట్టేశారు. ఏసీ ఉన్నది పడమటి గోడకు. అంటే అది వదిలే వేడి మీదకు చల్లగాలి కొడుతుంది, ఆ వేడే చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ దాని ముక్కులోకి వెళ్తుంది. గది తలుపుకు తాళం, తాళంచెవి అల్లుడి జేబులో.

ఎండలు ముదిరాయి. సిరిగేరిలో హనుమక్క అనే రైతు బెల్టు పక్కన నిలబడి నన్ను పట్టుకుంది. "పొద్దున్నే వచ్చినోళ్ళ వడ్లు మంచివంట, మధ్యాన్నం వచ్చిన నావి చెడ్డవంట. ఒగే కాలవ నీళ్ళు కదమ్మా! నా వడ్లకేమొచ్చింది?" ఆమె దోసిట్లో గింజలు చూస్తే బంగారంలా ఉన్నాయి. అదే రోజు బళ్ళారి వచ్చి గది తెరిపించాను. వేడికి కార్డు తనను కాపాడుకోవడానికి నెమ్మదిస్తోంది, ఫోటోలు జారిపోతున్నాయి. ఫోటో అందకపోతే రెండో రకం అని రాసెయ్యమని సాఫ్ట్‌వేరులో పెట్టించింది ఎవరనుకున్నావు? అల్లుడుగారే.

సర్వరును తిప్పుదామంటే అందరూ నేనేదో పాపం చేయమన్నట్టు చూశారు. కిరణ్ నన్ను వరండాలోకి పిలిచాడు. "కార్డు బేకార్ అని రాసిచ్చెయ్. కంపెనీవాళ్ళు వాపసు తీసుకుంటారు, మన మీద మాట రాదు. నీ ఉద్యోగం పక్కా, నేను చూసుకుంటా" అన్నాడు. అమ్మా, అబద్ధం చెప్పనులే, ఆ క్షణంలో మామయ్య జిరాక్స్ మిషను కళ్ళ ముందు కనబడింది. సంతకం పెడితే నేనిక్కడే ఉండిపోవచ్చు. కానీ ఆ గదిలో ఏ కార్డు పెట్టినా మధ్యాహ్నానికి ఉడికేదే, హనుమక్క మధ్యాహ్నమే వస్తుంది, ఆమె ఊరు దూరం. కాగితం మీద, "కార్డు బాగానే ఉంది. గది బాగాలేదు" అని రాసి ఓబుళేశప్పగారి చేతికే ఇచ్చాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "దిక్కు చెప్పింది మా సిద్ధాంతి కదమ్మా?"

"తూర్పు అన్నారు సార్. గోడకు ఆనించమన్నారా? ఏసీ ఏ గోడకుండాలో చెప్పారా?"

ఆయన "చెప్పలా" అన్నారు.

మర్నాడే ఏసీ తూర్పు గోడకెక్కింది, సర్వరు గోడకు దూరంగా జరిగింది. ముఖం మాత్రం తూర్పుకే! కార్డు ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా ఒక్క ఫోటో వదలడం లేదు. హనుమక్క వడ్లు మళ్ళీ బెల్టెక్కి మొదటి రకమయ్యాయి. కిరణ్ నాతో మాట్లాడటం మానేశాడు, ఇంతకంటే జీతం పెంచక్కర్లేదు.

నా ఉద్యోగం ఖాయమైందమ్మా. ఆ మాట చెప్పి ఓబుళేశప్పగారు నా కుర్చీ వైపు చూసి, "పడమర మొగం కూర్చున్నావేమ్మా ఇన్నాళ్ళూ, అందుకే ఇన్ని కష్టాలు" అంటూ తానే బల్ల తిప్పించారు. ఇప్పుడు నా వెనక కిటికీ, నా ముందు ఖాళీ గోడ. చదువుకున్నదాన్ని, ఈ దిక్కుల పిచ్చి చూసి నవ్వేదాన్ని, నేనూ తూర్పు గోడకు ముఖం పెట్టి కూర్చున్నాను.

కాబట్టి ఈస్టర్‌కు వస్తాను గాని ఉండిపోవడానికి రాను. మామయ్యకు కోపం రాకుండా చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి, ఎండు రొయ్యలు పంపించు, రూతమ్మగారికి కూడా సరిపోయేలా. నాన్నమ్మ పాదాలకు నా వందనాలు చెప్పు. సాయంత్రం ప్రార్థనలో నా పేరు మరిచిపోకు.

ఎవరూ లేనప్పుడు బల్ల మళ్ళీ తిప్పుకోవచ్చు. తిప్పలేదమ్మా. బాపట్ల అటే ఉంది.

నీ ఆశీర్వాదం కోరే కూతురు,
ఎస్తేరు