ఆంజినమ్మ గోడ మీది వానలు

కళా–విజ్ఞాన సంగమం ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,
ముదిగుబ్బ మండలం జాజుకొట్టాల నివాసి, ప్రైవేటు జూనియర్ కాలేజీ భౌతికశాస్త్ర అధ్యాపకుడు, సైన్సు–సాహిత్య మిత్రబృందం కార్యదర్శి (సభ్యులు ముగ్గురు, ఒకరు గుంతకల్లుకు బదిలీ) మల్లికార్జున సమర్పించుకొను అర్జీ.

తేదీ: జూలై 1

అయ్యా,

విషయం: సంగమం సందర్భంగా సున్నం కొట్టబడిన ఆంజినమ్మ గోడకు మార్చి నెలలో తీసిన ఫోటోలన్నీ ఆరుద్ర కార్తె దాటకముందే ఆమెకు ఇప్పించుట గురించి.

1) సదరు గోడ ఏమిటో తమరు ఉపన్యాసంలో చెప్పారు గానీ తప్పుగా చెప్పారు. అది "జానపద అలంకరణ" కాదు. ఆంజినమ్మ మా కొట్టాలలో ఆరెకరాల మెట్ట రైతు. వాన వెలిసిన ప్రతిసారీ చేనికి పోయి, గుంత తీసి, తడి ఎంత లోతు దిగిందో వేళ్ళతో కొలుస్తుంది. ఇంటికొచ్చి గోడ మీద వేలికొక ఎర్ర జాజు చుక్క పెడుతుంది. వాన లేని రోజుకు బొగ్గుతో ఒక గీత. ఏడాదికి బెత్తెడు ఎత్తు వరుస, వరుసలో కార్తెకొక గడి. ఇరవై ఏడు వరుసలు. చదువుకున్నవాళ్ళు చేస్తే దీన్ని పరిశోధన అంటారు. ముసలిది చేసింది కాబట్టి అలంకరణ అయింది.

2) ఆ గోడతో మాకు పని ఉంది. తొలి వానకు నేల పదును కాగానే ఆమె గోడ ముందు నిలబడి, వరుసల వెంట వేలు జరుపుకుంటూ, ఇదే కార్తెలో ఇంతే వాన పడిన ఏళ్ళను వెతుకుతుంది. ఆ ఏళ్ళలో మలి వాన ఎన్నాళ్ళకు వచ్చిందో చూస్తుంది. చూసి, విత్తడానికి "గొర్రు కట్టండి" అంటుంది, లేదా "ఆగండి" అంటుంది. ఆ మాట వినందే ముప్పై ఇళ్ళవాళ్ళు వేరుశనగ విత్తనం చేత పట్టరు. మండల కేంద్రంలోని వర్షమాపకం మాకు పంతొమ్మిది కిలోమీటర్ల దూరం. అక్కడి వాన మా చేలో పడదు.

3) ఇక నా నేరం. "కళలకూ శాస్త్రాలకూ వారధి కట్టే అవకాశం" అని తమ ప్రకటన చూసి, ఫిబ్రవరిలో ఆ గోడ గురించి తమకు దరఖాస్తు పెట్టినవాణ్ణి నేనే. సైన్సు వేరు, కళ వేరు అనే గోడలు కూలగొట్టాలని ఇరవై రెండేళ్ళుగా వేదికలెక్కి అరుస్తున్నవాణ్ణి. ఆంజినమ్మ అప్పుడే చెప్పింది.

"వద్దు సారూ. ఎవురికీ చూపించొద్దు. నా లెక్క నాకుండాది."

"పెద్ద పెద్ద సైంటిస్టులు వస్తారవ్వా. నీ పేరు నిలబడుతుంది."

"నా పేరు నిలబడి ఏం చేస్తాది? చేను నిలబడాల గాని."

ఆమెను నిరక్షరాస్యత, వెనుకబాటుతనం వంటి మాటలతో నేను ఒప్పించాను. ఆ మాటలు ఇప్పుడు నాకు వర్తిస్తాయి.

4) మార్చిలో తమరు పంపిన బెంగళూరు కళాకారుడు ఉదయ్ కుమార్ రెండు రోజులుండి, గోడను వరుస వరుసగా నాలుగువందల పన్నెండు ఫోటోలు తీశాడు. అడ్డమొస్తున్నదని ఆంజినమ్మ మేకను విప్పించాడు. ఆమె పెట్టిన రాగిసంగటి తిన్నాడు. హస్త కార్తె గడిలో ఒకచోట ఒకే ఒక్క సున్నపు చుక్క ఉంటే, "ఇదేం వాన?" అని అడిగాడు. అది వాన కాదు. మూడో బోరు కూడా ఎండిన ఏడాది ఆమె భర్త తిప్పయ్య పోయిన రోజు. ఆమె చెప్పలేదు, నేనే చెప్పాను. "బ్యూటిఫుల్" అన్నాడు.

5) జూన్ 14న పట్టణంలో సంగమం తొలిరోజు. ఆంజినమ్మను, మనవరాలు త్రివేణిని కారులో తీసుకుపోయారు. వేదిక మీద నల్లబోర్డు, పక్కన జాజు గిన్నె. తమరే స్వయంగా మైకు పట్టుకున్నారు.

"అవ్వా, ఈ బోర్డు మీద ఒక వాన గీయండి."

"వాన పడ్లేదు కదప్పా."

"ఊరికే, అందరికీ చూపించడానికి."

"పడని వాన యాడనుంచి తెచ్చేది?"

"మీ మనసులో ఉన్న వాన గీయండి."

"మనసులో పడితే చేను తడుస్తాదా ఏమప్పా?"

హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. తమ నివేదికలో దాన్ని "విశేష స్పందన" అని రాసుకున్నారు. ఆ హాలులో కూర్చున్న ఎనిమిదిమంది డాక్టరేట్ల మధ్య, లేని కొలతను రాయనని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు శాలువా కప్పి, పాల్గొన్నట్టు పత్రమిచ్చి పక్కకు జరిపారు. జాజు గిన్నెను తర్వాతి నృత్యకారిణి కాళ్ళకు వాడారు.

6) సరిగ్గా అదే సమయానికి జాజుకొట్టాలలో గోడకు సున్నం పడుతోంది. మరునాడు అతిథుల క్షేత్ర సందర్శన. మన దగ్గర పెద్దలు వస్తున్నారంటే గోడకు సున్నం, అరుగుకు జాజు. ఎందుకు వస్తున్నారన్నది ఎవరూ అడగరు. ఆ గోడనే చూడటానికి వస్తున్నారన్న సంగతి తమ కార్యాలయంలో ఒక్కరికీ తట్టలేదు. పక్కింటి లక్ష్మీనరసమ్మ తమ మేస్త్రీకి అడ్డం పోయింది.

"ఏమప్పా, అది ఆంజినమ్మ వానల లెక్క! ఆపప్పా!"

"మాసిపోయిన గోడమ్మా. మాకు ఆర్డరుండాది. అవ్వ బొమ్మే గీస్తాము, గాబరా పడాకు."

తమ మేస్త్రీ సున్నపు డబ్బా కింద పరుచుకున్నది సంగమం ఆహ్వానపత్రిక. దాని అట్ట మీద ఉన్నది ఆ గోడ ఫోటోనే.

7) సాయంత్రానికి రెండు పూతలు ఆరాయి. వాటి మీద బొమ్మ: నవ్వుతున్న ఆంజినమ్మ, ఒక చేత వీణ, మరో చేత ల్యాబు గాజుబుడ్డి, వెనుక వాన, ఆ వానలో పచ్చని వరిపైరు. మా కొట్టాలలో బుద్ధెరిగి ఎవరూ వరి వేయలేదు. మరునాడు అతిథులొచ్చి "ఆ గోడ ఎక్కడ?" అని అడిగితే, తమరు "ఇదే" అన్నారు. వాళ్ళు దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగారు. ఆంజినమ్మ ఒక్క మాటే అంది: "పోయిన ఆయప్పకు పెట్టింది ఒక్క సున్నపు చుక్క. ఇప్పుడు గోడంతా అదే."

8) గోడకు మేకను కట్టరాదని, పిడకలు కొట్టరాదని, బొమ్మకు హాని కలిగితే బాధ్యత ఇంటివారిదేనని తమ కార్యాలయం ఆమెకు కాగితం ఇచ్చింది. ఆమెకు చదివి వినిపించే పని నామీద పడింది. చదివాను.

9) ఫోటోల కోసం త్రివేణి పదకొండుసార్లు ఫోన్ చేసింది. అవి ఇప్పుడు కళాఖండాలనీ, హక్కులు నిర్వాహకులవనీ, ప్రదర్శన ఊళ్ళు తిరుగుతున్నదనీ జవాబు. చివరకు దయదలచి ఒకటి పంపారు. అందులో గోడ ముందు ఉదయ్ కుమార్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వీపు వెనుక పదకొండేళ్ళ వానలున్నాయి.

10) మా ప్రాంతపు వానల గురించి శాస్త్రమూ కళా కలిసి చేసిన పని ఒక్కటే ఉండేది. కళనూ శాస్త్రాన్నీ కలుపుతామని వచ్చి దాన్ని చెరిపేశారు. ఇది పొరపాటని తమరు అంటారు. అమ్మా నాన్నా లేని పొరపాట్లు ఈ దేశంలో తమ కార్యాలయాల్లోనే పుడతాయి.

కావున తమతో మనవి: శాలువా వెనక్కి పంపుతున్నాము. పత్రం వెనక్కి పంపుతున్నాము. క్షమాపణ అక్కర్లేదు, దాచుకోండి, తమకు మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది. నాలుగువందల పన్నెండు ఫోటోలు మాత్రం ఇప్పించండి. త్రివేణి వాటిని చూసి వరుసలు మళ్ళీ గీస్తుంది. ఆరుద్ర ఇంకా నాలుగు రోజులే ఉంది. విత్తనం ఒలిచి ఇళ్ళలో పెట్టుకున్నారు.

ఇంత చదివే ఓపిక తమకు ఉంటే చిత్తగించవలెను.

తమ విధేయుడు
(ఈ కాగితం అడుగు వరకే)
మల్లికార్జున

తా.క. జూలై 21. పై అర్జీ ఆ రోజే తెచ్చాను. తమరు ప్రదర్శన వెంట క్యాంపులో ఉన్నారన్నారు. మూడు ప్రతులు లేవని గుమాస్తా తీసుకోలేదు. బస్సు దిగేసరికి మా కొట్టాలలో వాన.

మరునాడు పొద్దున ఆంజినమ్మ చేలో గుంత తీసింది. నాలుగు వేళ్ళు. అలవాటు కొద్దీ వచ్చి గోడ ముందు నిలబడింది. వేలు ఎత్తింది. తన బొమ్మ నవ్వుతూ ఉంది. వెనుక ముప్పై ఇళ్ళవాళ్ళు గంపలతో నిలబడ్డారు. ఆమె ఎత్తిన వేలు దించేసింది.

"ఏమంటావు ఆంజినమ్మా, గొర్రు కట్టాల్నా?" అన్నాడు వాళ్ళలో ఒకడైన కదిరప్ప.

ఆమె నావైపు తిరిగింది. "నన్నడగొద్దండి. సారు చదువుకున్నోడు. సారు చెప్తాడు."

తెలియదని చెప్పాల్సింది. అది శాస్త్రం. కానీ నా వల్ల పోయిన ఆమె మాట స్థానంలో నా మాట నిలబెట్టాలనుకున్నాను. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. విత్తండి అన్నాను.

విత్తారు. మొలిచింది. తర్వాత చుక్క పడలేదు. మొలకలు నేలకు ఒరుగుతున్నాయి. ఒక్కరూ నన్ను తిట్టలేదు. కదిరప్ప ఈ ఉదయం కూడా "టీ తాగు సారూ" అన్నాడు.

ఆంజినమ్మ కొత్త లెక్క మొదలుపెట్టింది. వంటింట్లో, పొయ్యి పైన, పొగ పట్టిన గోడ మీద సున్నం పూసి, బయటివాళ్ళకు కనపడని చోట. మొదట నాలుగు జాజు చుక్కలు. వాటి పక్కన బొగ్గుగీతలు. రోజూ సాయంత్రం నన్ను పిలిపించి, బొగ్గు నా చేతిలో పెడుతుంది.

"ఈ వరుస నీది సారూ. నువ్వే గీయాల."

ఇప్పటికి పద్దెనిమిది గీశాను. ఇది పోస్టులో వేసి వెళ్ళి పంతొమ్మిదోది గీయాలి.