నూతి దగ్గర కట్టిన లుంగీ పేలిక

టబర్‌నాలా, స్లైగో దగ్గర
20-3-2021

చంద్రకళ వదినగారికి, మీ తమ్ముడికి ఆక్సిజన్ తీసేశారు. శుక్రవారం ఇంటికి పంపిస్తామన్నారు. ముందు ఇది చదివి ఊపిరి పీల్చుకోండి.

కోవిడ్ వార్డులోకి నన్ను రానివ్వరు. ఐదు కిలోమీటర్లు దాటి షికారుకూ వెళ్ళకూడదు. ఈ ఊరు మొత్తం ఆ లోపలే అయిపోతుంది: ఒక వంతెన, ఒక వీధి, కొండ కింద పాత నుయ్యి. నూట డెబ్బై ఏళ్ళ కిందట ఈ దేశంలో వచ్చిన బంగాళాదుంపల కరువులో సగం ఊరు ఓడలెక్కి పోయినా, మిగిలినవాళ్ళు ఆ నూతికి మొక్కడం మానలేదట. పక్కనున్న ముళ్ళచెట్టు నిండా గుడ్డపేలికలే. మన ముడుపుల్లాంటివే అనుకుని, పసుపుపచ్చ నైలాన్ చీర చింపి, రూపాయి బిళ్ళ మూటగట్టి కట్టాను. వంతెన పక్కింటి ముసలావిడ నోరా చూసి, "అయ్యో తల్లీ, రోగి కట్టుకున్న గుడ్డ కట్టాలి. అది చివికిపోతే జబ్బూ పోతుంది. నైలాన్ ఎప్పటికి చివికేను?" అంది. దాన్ని విప్పేసి, ఇంటికి పరిగెత్తి, ఆయన నూలు లుంగీ చింపి తెచ్చి కట్టాను.

కొత్త చింతపండు వచ్చిందా? పాపకి పరీక్షలు ఉన్నాయా, ఎత్తేశారా? పోస్టాఫీసులో పార్సిళ్ళు తీసుకుంటుంటే రెండు నూలు లుంగీలు పంపండి. మీరు కట్టిన ముడుపు విప్పి మొక్కు చెల్లించేయండి. ఇక్కడిది మాత్రం విప్పకూడదట, దానంతటదే పోవాలట. అన్నయ్యగారికి నమస్కారాలు.

పొద్దుటి నుంచి ఒకటే వాన. రెండేళ్ళుగా తిట్టుకున్న వానే, ఇవాళ కిటికీ దగ్గర నిలబడి ఇంకాస్త గట్టిగా కురవమంటున్నాను.

మీ మనస్విని