సాయంత్రం క్లాసు మొదలైంది

సూర్నారాయణా,

నువ్వు అడిగిన సాయంత్రం క్లాసు ఈరోజు మన కాలేజీలో మొదలైందిరా. ఇంగ్లీషులో చెప్పిన ఫిజిక్సు అర్థంకాక వెనకబడిన పి.యు.సి. కుర్రాళ్లకు మళ్లీ తెలుగులో చెబుతున్నారు. నిరుడు ప్రిన్సిపాలుగారి ముందు నిలబడి, "ఒక్క గంట మా బాసలో సెప్పించండి, మిగతాది మేమే సదువుకుంటాం" అన్నావు. చూద్దామన్నారు. మార్చిలో తప్పాక నువ్వు మీ ఊరు రాజాంలో ఒంటరిగా చదువుకుని సెప్టెంబరులో మళ్లీ పరీక్ష రాశావు. ఫలితాలు రాకముందే కామెర్లతో పోయావు.

నీ మార్కులు తెలుసుకోవడానికి మీ నాన్న ఈరోజు వచ్చాడు. ఫిజిక్సు ఒక్కటే పోయిందని చెప్పాను. కిటికీలోంచి క్లాసు చూపించాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "తెలుగులోనే సెప్తన్నారు గదా బాబూ! మావోణ్ణి మల్లీ పంపిత్తాను" అన్నాడు.

అన్నాక ఆగిపోయాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని వరండాలో కూలబడ్డాడు.

కాసేపటికి, "నువ్వెల్లు బాబూ, పాటం పోద్ది" అన్నాడు.

నేనూ ఫిజిక్సు తప్పినవాణ్ణే. ఆ క్లాసులో నా పేరూ ఉంది. ఎలా వెళ్లనురా? ఆయన పక్కనే కూర్చున్నాను. లోపల మాస్టారు చెప్పే ప్రతి మాటా నాకు అర్థమవుతూనే ఉంది.