ఫైనల్లో గురి తప్పలేదన్నా

అన్నా,

నువ్వు మమ్మల్ని విడిచి పోయినాక నీ కంప్యూటర్ ముందు నేనే కూర్చుంటున్నా. "వేగం తర్వాత, ముందు గురి కుదరాల" అని నువ్వు చెప్పినట్లే రోజూ కాలేజీకి పోయేముందు స్క్రీన్ మీద కదిలే చుక్కల్ని కాలుస్తా ఉన్నా. మొదట్లో సగం తప్పిపోయేవి. ఇప్పుడు తప్పవు.

నిన్న ఒంగోల్లో షూటింగ్ గేమ్ ఫైనల్ జరిగింది. మార్కాపురం నుంచి అమ్మను కూడా తీసుకపోయినా. చివరి రౌండులో మా జట్టులో నేనొక్కదాన్నే మిగిలినా, అవతల ఇద్దరు. తొందరపడలేదన్నా. ఇద్దరినీ తలకే కొట్టినా. గెలిచినాం!

"ఎవరమ్మా నేర్పింది?" అని మైకులో అడిగినారు. నేను నోరు తెరిచేలోపే, ఈ ఆట ఆడుతున్నామని మనిద్దరినీ తిట్టిన అమ్మ లేచి నిలబడింది.

"వాళ్లన్న! మా పెద్దోడు!" అని హాలంతా వినపడేట్టు చెప్పింది.

నీ చెల్లి