పొద్దుటి పట్టీలో లేని నీలం

ప్రియమైన మావయ్యగారికి,

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటారు. ఫోనులో అయితే మీ మూడో మాటకే నేను "అలాగేనండీ" అనేస్తాను. కాగితం మీదైతే నన్ను పూర్తిగా చెప్పనిస్తారు.

ఇక్కడ అందరం హాయిగా ఉన్నాం. సంగతేమిటంటే, వచ్చే ఒకటో తారీఖు నుంచి ప్రెస్సులో రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న మీ కుర్చీ నాకిస్తానంటున్నారు ఓనరుగారు. రంగుల పనంతా నా చేతి కింద. నేను వద్దని, బైండింగుకి పంపించమని అడగబోతున్నాను. కారణం ఆయనకంటే ముందు మీకు చెప్పడం న్యాయం.

నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు, మావయ్యగారూ. పుట్టుకతోనే అంతే. టమాటా పండిందో లేదో నొక్కి చూసుకోవాల్సిందే. పదకొండేళ్ళ కిందట మీ దగ్గర పనిలో చేరినప్పుడు దాచాను. తర్వాత మీరు పిల్లనే ఇచ్చారు, ఇంకేం చెప్తాను? "రంగు తెలిసినవాణ్ణి చూసి ఇచ్చాను" అని మీరు పదిమందిలో అన్నప్పుడల్లా నేను తలొంచుకునేవాణ్ణి. మీరు అణకువ అనుకునేవారు. మీ అమ్మాయికి మాత్రం పెళ్ళైన వారంలోనే తెలిసిపోయింది. రెండు కాళ్ళకీ రెండు రంగుల సాక్సులేసుకుని పనికి బయల్దేరితే గుమ్మంలో ఆపింది.

"నాన్నకి తెలుసా?" అంది.

"తెలీదు."

"అయితే చెప్పకండి, బాధపడతారు. సాక్సులు రేపట్నించి నేను తీసిపెడతాలెండి" అంది.

మీరు నాకు 'మీటరు' అని పేరు పెట్టారు కదా, దాని వెనక కథ ఇదే. పొద్దున్నే రంగు గళ్ళ పట్టీ అచ్చేసి, ఆరనిచ్చి, ఒక్కో గడి మీదా రంగు కొలిచే మీటరు పెట్టి, అంకె తేడా వస్తే సెట్టింగ్ సరిచేసేవాణ్ణి. మీరు దాన్ని శ్రద్ధ అనేవారు. కళ్ళని నమ్మలేనివాడు అంకెని పట్టుకుని వేలాడాడు, అంతే.

రెండేళ్ళ కిందటి పిల్లల బొమ్మల పుస్తకం మీకు గుర్తుండే ఉంటుంది. మొహాలన్నీ చన్నీళ్ళలో నానినట్టు నీలంగా ఉన్నాయని రెండు వేల అట్టలూ తిరిగొచ్చాయి. ఆ రోజు నేను భోజనం చేసి వచ్చేసరికి అట్టలు అచ్చవుతున్నాయి. నాకు నీలంగానే అనిపించింది. కానీ పొద్దున అంకెలన్నీ సరిపోయాయి. మీరేమో పక్కనే నిలబడి బాగుందన్నారు. నా దొంగ కళ్ళతో మీకు వంక పెట్టడమేమిటని నోరు మూసుకున్నాను. తర్వాత ఓనరుగారు అడిగితే సెట్టింగ్‌లో నా పొరపాటేనన్నాను. ఎక్కడ పొరపడ్డానో ఇవాళ్టికీ తెలియదు. ఆ నెలాఖరుకే మీరు పని మానేశారు. నా మూలంగా తలవంపులై మానేశారని రోజూ అనుకుంటాను. అలాంటప్పుడు ఆ కుర్చీలో ఎలా కూర్చోను?

మీ అల్లుడు,
మీటరు

*

చిరంజీవి మీటరుకి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి, నా కూతురు నా దగ్గరే దాచిందని ఒళ్ళు మండింది. రెండోసారి సాక్సుల దగ్గర నవ్వొచ్చింది. మూడోసారి సిగ్గేసింది.

నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు సెట్టింగ్ మార్చింది నేనే. మానిటర్ మీద చూసినా, కాగితం మీద చూసినా మొహాలు పసుపుగా కనిపించాయి. ముప్పై ఏళ్ళ అనుభవం నాది, అంకెలు నాకు చెప్పొచ్చేదేమిటని పసుపు తగ్గించి నీలం పెంచాను. నీకు చెబితే మీటరు పట్టుకుని వస్తావని చెప్పలేదు.

పసుపు కాగితంలో లేదు, నా కంట్లో ఉంది. చూపు మసకేసి పని మానాను గానీ, శుక్లాలు రంగుల్ని కూడా మారుస్తాయని నాకేం తెలుసు? ఆపరేషన్ అయి కట్టు విప్పిన రోజు ఆసుపత్రి దుప్పటి చూసి, "ఇవాళ భలే తెల్లగా ఉతికారే" అన్నాను. "అది నిన్నటి దుప్పటేనండీ" అంది నర్సు. ఇంటికొచ్చి, బీరువాలో దాచుకున్న ఆ పుస్తకం అట్ట తీసి చూశాను. పిల్లల మొహాలు నీలంగా ఉన్నాయి. అప్పటికి నువ్వు తప్పు నెత్తిన వేసుకుని ఆరు నెలలైంది. చెప్పాలనే అనుకున్నాను. పెద్దరికం అడ్డొచ్చి కుక్కిన పేనులా ఊరుకున్నాను. నన్ను క్షమించు.

నిన్న కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, "ఎరుపూ ఆకుపచ్చా తెలియనివాడికి నీలం తెలుస్తుందా?" అని అడిగాను. "భేషుగ్గా తెలుస్తుంది. ఆపరేషన్‌కి ముందు మీకు తెలిసినదానికంటే నయం" అన్నాడు. ఆయనకి వెటకారం ఎక్కువ.

పొద్దున ఓనరుకి ఫోన్ చేసి నా సంగతి చెప్పేశాను. నీ సంగతి నువ్వే చెప్పుకో. మన ఇద్దరి దాపరికానికీ రెండు వేల అట్టలు పోయాయి, చాలు.

నీ మావయ్య

*

మావయ్యగారికి,

మీ ఉత్తరం మీ అమ్మాయికి చదివి వినిపించాను. ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చింది. క్షమించమనేంత మాట మీరు నాతో అనకూడదు.

ఓనరుగారికి అంతా చెప్పాను. "పదకొండేళ్ళలో వెనక్కొచ్చింది ఆ ఒక్క పనే. అదీ కంటితో చూసి చేసిందే. వెళ్ళి కూర్చోవయ్యా" అన్నారు. కూర్చున్నాను. కుర్చీ ఎత్తు మాత్రం తగ్గించుకోవాల్సొచ్చింది, ఏమనుకోకండి. ఆదివారం ఇద్దరం వస్తున్నాం.

మొన్న మధ్యాహ్నం ఒక అట్ట నాకు కాస్త నీలంగా అనిపించింది. మెషీన్ ఆపమన్నాను. పొద్దున అంకెలు సరిపోయాయిగా అన్నారు అందరూ. అయినా ఇంకో పట్టీ అచ్చేయించి మీటరు పెట్టి చూశాను.

నీలమే, మావయ్యగారూ.

మీ మీటరు